నేను తెంపించిన దారాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు అప్పుడప్పుడు వనపర్తిలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ ఫోనులో నిబంధనల పుస్తకం తెరిచి, "మేడం, ఇవన్నీ మీకు నోటికి వస్తుండెనట గద!" అంటారు.

వచ్చేవి. ఒక్కో పిల్లకు గదిలో ఎంత చోటుండాలి, నీళ్ళ తొట్టికి మూత ఎలా ఉండాలి, మూడేళ్ళ పిల్లతో పలక మీద అక్షరాలు ఎందుకు దిద్దించకూడదు, ఆటతోనే ఎందుకు నేర్పాలి, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఏ పిల్లనూ పుట్టుక చూసి వేరుగా ఉంచకూడదు. సాయంత్రం పిల్లను ఎరిగినవాళ్ళ చేతికే అప్పజెప్పాలి. ఈ రెండూ నాకు మరీ ఇష్టమైన మాటలు. ఆ పుస్తకంలో తప్పు మాట ఒక్కటీ లేదని ఇప్పటికీ నా నమ్మకం. తప్పంతా చదివిన మనిషిది. ఆ మనిషి కథే మీకు చెప్తాను, అడిగారు కాబట్టి.

సంచిలో ఎప్పుడూ దర్జీ టేపు పెట్టుకుని తిరిగేదాన్ని. కిటికీ కొలిచేదాన్ని, గుమ్మం కొలిచేదాన్ని. వెనకాల నన్ను 'టేపు మేడం' అనేవాళ్ళని తెలుసు. కోపం రాకపోగా లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. అంతకుముందు చాలా ఏళ్ళు నాగర్‌కర్నూల్ వైపు, నల్లమల అంచున ఉన్న గూడేల్లో పనిచేశాను. అక్కడ సెంటర్ అంటే చాలాచోట్ల బోదగడ్డి కప్పిన ఒక కొట్టం. వానకు ఒకవైపు ఒరిగే గోడను టేపుతో ఏం కొలుస్తాం? అందుకే రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు గద్వాల వైపు బదిలీ అయినప్పుడు, సిమెంటు గోడలున్న సెంటర్లు దొరికాయని మహా సంబరపడ్డాను.

రాజోలి దాటి కొంచెం పోతే, తుంగభద్ర ఒడ్డుకు దగ్గరగా ఒక ఊరుంది. పేరు రాయను. ఆ ఊళ్ళో సగం ఇళ్ళు కూలికి పోయేవాళ్ళవి, కొన్ని మగ్గాలవి. వానాకాలం నడిమి నుంచి సీడు పత్తి పని మొదలవుతుంది. మగపూలు తెంపి ఆడపూలకు రుద్దే పని అది. ఎండ ఎక్కితే పువ్వు వాడిపోతుంది, అందుకని ఆడవాళ్ళు తెల్లవారీ తెల్లవారకముందే ఆటోలు ఎక్కేస్తారు. ఇదంతా నాకు తెలుసు. పూల గురించి, ఆటోల గురించి కూడా తెలుసు. ఆ ఆటో ఎక్కే తల్లి తన మూడేళ్ళ పిల్లను ఎక్కడ పెట్టి ఎక్కుతుందన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. సెంటర్ తొమ్మిదింటికి కదా తెరిచేది!

మొదటిసారి ఆ సెంటర్‌కు పోయినప్పుడు పదిగంటలైంది. టీచరు ముప్పై దాటిన మనిషి, సన్నగా, బెదురుగా ఉంది. మెడలో చిన్న సిలువ. ఆయా పెద్దావిడ, కర్ణాటక వైపు నుంచి కోడలిగా వచ్చింది, కొడుకు మగ్గం నేస్తాడు. గది శుభ్రంగా ఉంది. పిల్లలు చింతగింజలతో లెక్క ఆడుతున్నారు, గోడ మీద చేతిముద్రలు, మూలన మట్టి బొమ్మలు. టేపు తీయడానికి కూడా సాకు దొరకలేదు. నిజం చెప్పాలంటే నా సెక్టార్‌లో అంత కళగా ఉన్న గది ఇంకోటి లేదు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ చింతగింజల చప్పుడు వినిపిస్తుంది నాకు.

అప్పుడు చూశాను పిల్లల చేతులు. ప్రతి పిల్ల మణికట్టుకూ ఒక పట్టుదారం. కొందరికి ఎరుపు, కొందరికి పసుపు, కొందరికి పచ్చ. ఇద్దరికి మాత్రం తెలుపు. అన్నం వేళకు చూస్తే ఎర్రదారాల పిల్లలు ఒక వరస, పసుపు దారాలవాళ్ళు ఒక వరస, పచ్చవాళ్ళు ఒక వరస.

రెండు పిలకలు వేసుకున్న ఒక పాపను దగ్గరకు పిలిచి అడిగాను. "ఈ దారమేంది బిడ్డా?"

"మాది ఎర్రది" అంది గొప్పగా. "గాల్లది పచ్చది. గాల్లతోని మేం పోం."

"ఎందుకు పోరు?"

"పోవద్దు. టీచరమ్మ కొడ్తది." అని ఒక క్షణం ఆగి, నా చేతివంక చూసి, "మేడం, నీదేం రంగు?" అంది.

ఒళ్ళు మండిపోయింది నాకు. మూడేళ్ళ పిల్ల నా కులం అడుగుతున్నదనుకున్నాను. రిజిస్టరు తెప్పించి, ఎర్రదారాల పిల్లలు ఏ వాడవాళ్ళో చూశాను. ఇంచుమించు అందరూ ఒకే వాడ. పసుపువాళ్ళు ఇంకో వాడ. ఇంకేం కావాలి?

టీచరును బయటికి పిలిచాను. "ఏంది టీచర్ ఇది?"

ఆమె ముఖం పాలిపోయింది. ఆయా వైపు చూసింది, నేల వైపు చూసింది. "ఊకెనే మేడం. ఆటకు కట్టినం."

"ఆటకు కడితే వాడవాడకు ఒక రంగు ఎందుకొచ్చింది?"

ఇంకోసారి అడిగాను. "నేను పిల్లల్ల తేడా సూడలే మేడం" అంది, అంతే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ దొరికినప్పుడు కూడా అలాగే తిరుగుతాయని నేననుకున్నాను.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, బస్సులో కూర్చునే రిపోర్టు రాశాను. కింద గీతలు కూడా గీశాను. ప్రాజెక్టు ఆఫీసులో ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు, రాజోలి వైపు మనిషే, నాకంటే ముందు రిటైర్ కావలసినవాడు. కాగితం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మేడం, జర నిమ్మలం. ఒక్కనాడు పొద్దుగాల ఆరింటికి గా ఊరికి పోయి సూడుండ్రి. సూసినంక రాయుండ్రి."

"సెంటర్ తెరిచేది తొమ్మిదికి సార్. ఆరింటికి పోయి తాళంకప్ప చూసి రావాల్నా?" అన్నాను.

పక్కన ఇద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. కాగితం మీద ముద్ర వేసి లోపలికి పంపాడు.

జవాబు చాలా తొందరగా వచ్చింది. విచారణ అయ్యేదాకా టీచరును పక్కన పెట్టాలి, పక్క ఊరి టీచరు ఇన్‌చార్జిగా చూడాలి, దారాలు వెంటనే తీసేయాలి. ఆ తీసేయడమేదో నేనే దగ్గరుండి చేయించాను. కత్తెర ఆయా ఇంటి నుంచే తెప్పించాను. "బ్యాడమ్మా, బ్యాడ. కొయ్యకుండ్రి. పసిపోరగాండ్లు" అని ఆమె కన్నడం కలిసిన తెలుగులో బతిమాలింది. పిల్లలు ఏడ్చారు. దారం తెగితే నొప్పి పుట్టదు కదా, ఎందుకింత ఏడుపు అని విసుక్కున్నాను. రెండు పిలకల పాప చెయ్యి వెనక్కి దాచుకుంది. ఆ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది నేనే.

మూడోరోజు, కొత్త ఏర్పాటు ఎలా నడుస్తున్నదో చూద్దామని మళ్ళీ పోయాను. సరిగ్గా తొమ్మిదింటికి తెరిచారు. సరిగ్గా నాలుగింటికి ఇన్‌చార్జి టీచరు తాళం వేసి తన ఊరి బస్సు ఎక్కింది. ఆ వేళకు తల్లులు రాలేదు. పది పన్నెండు మంది పిల్లలు ఆయాతో పాటు అరుగు మీద కూర్చున్నారు. "మీవాళ్ళొచ్చేదాకా కదలకుండ్రి" అని వాళ్ళకు చెప్పి నేను కూడా బస్టాపుకు నడిచాను. ఆ వాక్యం నేనే అన్నానని గుర్తుకొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను.

ఐదు దాటాక రెండు ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆడవాళ్ళు దిగారు, పిల్లలను ఎత్తుకున్నారు, గడ్డిమోపులు దించుకున్నారు, ఒకటే గోల. ఆటోలు ముందు ఊళ్ళకు కదిలిపోయాయి. మూడో ఆటో టైరు పంక్చరై అరగంట ఆలస్యంగా వచ్చింది. అందులోంచి రెండు పిలకల పాప తల్లి దిగింది. అరుగు మీద పాప లేదు.

ముందు ఇళ్ళల్లో వెతికారు. తర్వాత మగ్గాల గుంతల్లో చూశారు. ఎవరో "ఏరు దిక్కు పోయిందేమో" అన్నారు. ఆ మాటతో ఊరంతా తుంగభద్ర వైపు పరుగెత్తింది. బస్సు కోసం ఇంకా ఎదురుచూస్తున్న నేను కూడా పరుగెత్తాను. ఇసకలో చెప్పులు దిగబడితే వదిలేశాను. వానలకు ఏరు ఎర్రగా, నిండుగా పోతున్నది. పిల్లను నేను పేరుపెట్టి పిలుద్దామంటే పేరు గుర్తుకు రాలేదు. ఎర్రదారం అన్నదే గుర్తుంది.

ఆ తల్లి నా దగ్గరికొచ్చి నా రెండు రెట్టలూ పట్టుకుంది. చేతులకు పత్తిపూల పసుపు ఇంకా అంటుకునే ఉంది.

"దారం తెంపిచ్చినవు గద మేడం! ఇప్పుడు ఏం సూసి ఎవరు పట్టుకోవాలె నా బిడ్డను?"

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆమెకు తెలిసింది. అరుస్తూనే చెప్పింది. "ఎర్రది మా ఆటో! వడ్డేపల్లి దిక్కు పోయేది. పసుపుది ఏటి చేన్లకు పోయేది. పచ్చది రోడ్డు దిక్కుది. పొద్దుగాల ఆరింటికే టీచరమ్మ తలుపు తీస్తుండె. సాయంత్రం ఆటో కాడ నిలవడి, దారం సూసి, తల్లి మొకం సూసి, గప్పుడు చేతుల పెడ్తుండె. వేరే ఆటో దిక్కు పోతె కొడ్త అని బెదిరిస్తుండె. ఎవరు రానోల్లకు తెల్లది. గాల్లను టీచరమ్మ ఆమె ఇంటికే తీస్కపోతుండె. నీకెవరు చెప్పిన్రు తెంపుమని?"

మేస్త్రీలు తమ తమ వాడల ఆడవాళ్ళనే కూలికి పిలుచుకుంటారు. అందుకే ఆటోకొక వాడ, వాడకొక రంగు అయ్యాయి. కులం ఊళ్ళో ఉంది, ఆటోల్లో ఉంది. దారంలో లేదు. టీచరు ఎందుకు నోరు విప్పలేదో కూడా అప్పుడే తెలిసింది. దారం సంగతి చెప్తే ఆరింటికి తలుపు తీయడం చెప్పాలి, మూడేళ్ళు నిండని పిల్లలను కూడా ఉంచుకుంటున్నానని చెప్పాలి. అవి రెండూ నిబంధనలకు విరుద్ధం. టేపు మేడంకి ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? చిన్న తప్పు దాచబోయి, చేయని పెద్ద తప్పును నెత్తిన వేసుకుంది.

ఆ టీచరు కూడా వచ్చింది ఏటికి. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, చీర తడుస్తుంటే, పాపను పేరుపెట్టి పిలుస్తున్నది. అందరికంటే ఆమె గొంతే పెద్దగా వినిపించింది.

పొద్దు వాలుతుండగా ఆయా ఫోను మోగింది. పసుపు ఆటో నడిపే ఆయన. చివరి ఊళ్ళో గడ్డిమోపులు దించుతుంటే వెనకాల ఒక పిల్ల నిద్రపోతూ కనబడిందట. ఆగిన ఆటోలోకి ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు నిద్రపోయిందో.

"ఎవరి పిల్లనో నాకేం ఎరుక? కాలు పట్టాకింద ఎర్రదారముంది, గా ఆటో పిల్లనే అనుకొని చేసిన. తోల్కొస్తున్న."

నేను తిరిగి ఆయా ముఖం చూశాను. ఆమె కళ్ళు దించుకుంది. దారాలు కోయించి నేను బస్సెక్కి పోయిన సాయంత్రమే, మగ్గం కాడ మిగిలిన పోగులు పేని, తల్లులకు కూడా చెప్పకుండా, పిల్లలందరి కాళ్ళకూ పట్టాల కింద కనపడకుండా మళ్ళీ కట్టిందట. నా ఆజ్ఞను ధిక్కరించినవాళ్ళకు నేను అంతగా మొక్కుకున్నది జీవితంలో అదొక్కసారే.

ఆటో వచ్చి ఆగింది. అద్దానికి కట్టిన పసుపుగుడ్డ నాకప్పుడు కనబడింది. మొదటిరోజు కూడా అది అక్కడే ఉండి ఉంటుంది. తల్లి పరుగున ముందుకు పోబోతే టీచరు చెయ్యి అడ్డంపెట్టింది. పాపను తానే దింపింది. వంగి, పట్టా జరిపి, దారం చూసింది. తల్లి ముఖం చూసింది. "ఎర్రది" అని పైకి అని, అప్పుడు పిల్లను తల్లి చేతుల్లో పెట్టింది. అప్పటికి ఆమె టీచరు కాదు, నా సంతకమే ఆమెను కాకుండా చేసింది. అయినా పద్ధతి తప్పలేదు. పిల్లను ఎరిగినవాళ్ళ చేతికే అప్పజెప్పాలన్న నియమాన్ని నా సెక్టార్ మొత్తంలో అక్షరాలా పాటించిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెనే నేను పంపించేశాను.

ఆమె నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మేడం, మీ బస్సు పాయె గద. ఎట్ల పోతరు ఇంటికి?" అంది.

నేను ఏదో గొణిగాను. ఆమె ఆటో ఆయనతో మాట్లాడి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, "పైలంగ దించి రా అన్నా" అని చెప్పి పంపింది. క్షమించమని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. అందరి ముందూ ఎలా అంటాను, రేపు అనొచ్చులే అనుకున్నాను. సూపర్‌వైజరు దర్జా అలాంటిది, ఏం చెప్పను?

మర్నాడు రెండో రిపోర్టు రాశాను. మొదటిది ఒక్క పేజీ, ఇది నాలుగు పేజీలు. ఆరింటికి తెరిచే సంగతి కూడా దాచలేదు. ఈ ఊళ్ళలో ఆ నెలల్లో ఆరింటికే తెరవాలని, మనిషిని కూడా ఇవ్వాలని బతిమాలుతూ రాశాను. గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు. తన డబ్బాలోంచి ఒక సజ్జరొట్టె ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. మొదటి కాగితానికి తొందరగా వచ్చిన జవాబు రెండోదానికి రాలేదు. ఫైలు ఎక్కడుందని అడగడానికి నేను తిరగని బల్ల లేదు. పత్తి తీయడం కూడా అయిపోయాక ఉత్తర్వు వచ్చింది. టీచరు మీద ఆరోపణ నిజం కాదు, మళ్ళీ చేర్చుకోవచ్చు. ఆరుగంటల సంగతి మీద ఒక్క ముక్క లేదు.

ఆ కాగితం నేనే స్వయంగా పట్టుకుపోయాను. దారి పొడుగునా అనవలసిన మాటలు కూడబలుక్కున్నాను. ఇంటికి తాళం. భర్తతో కలిసి బెంగళూరుకు కట్టుబడి పనికి వలస పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. తలుపు సందులోంచి చూస్తే వరండాలో గోడకు చింతగింజల సంచి వేలాడుతూ కనిపించింది.

రిటైరయ్యాక కూడా పోతూనే ఉన్నాను. క్రిస్మస్‌కు వస్తారంటే రెండుసార్లు పోయాను. ఒకసారి రాలేదు, ఒకసారి వచ్చి నేను పోయిన ముందురోజే తిరుగు బండి ఎక్కారు. వయసు మీద పడ్డాక మనిషికి ఎన్నో కోరికలు పోతాయంటారు. నాకు మాత్రం ఒకటి పెరుగుతూ వచ్చింది. ఆ గదిలో ఒక్కసారి, ఒక మూల, చింతగింజల చప్పుడు వింటూ కూర్చోవాలి. టేపు లేకుండా.

మొన్న వానాకాలంలో పోయినప్పుడు ఆయా మంచంలో ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది. "టీచరమ్మతోని మాట్లాడ్తరా?" అంటూనే మనవరాలితో ఫోను కలిపించింది. అవతల కాంక్రీటు కలిపే మిషను మోత. ఆ మోతలోంచి ఆ గొంతు.

"మేడం, బాగున్నరా? పానం మంచిగున్నదా?"

ఇన్నేళ్ళు కూడబలుక్కున్న మాటల్లో రెండే మిగిలాయి. "టీచర్, తప్పయింది నాది" అన్నాను.

"ఇనపడ్తలేదు మేడం! ఈడ మిషిని నడుస్తుంది. పోరగాండ్లు గూడ మస్తు మందున్నరు, పనోల్ల పిల్లలు, నా దగ్గర్నే ఉంటరు. క్రిస్మస్‌కు వస్త, గప్పుడు చెప్పుండ్రి. ఒక్కసారి అవ్వకియ్యుండ్రి ఫోను."

ఆయా ఫోను చెవికి ఆనించుకుని విని, నాకు వినపడకుండా ఒకటి రెండు మాటలని, నవ్వి, పెట్టేసింది. మనవరాలిని పిలిచి మగ్గం దగ్గర్నించి ఏదో తెమ్మంది.

"ఏమన్నది?" అని అడిగాను.

"మీరు ఒక్కరే వచ్చిన్రా అని అడిగింది. ఒక్కరే అన్న. ఇంటికాడ ఎవరున్నరు అంది. ఎవరు లేరు అన్న." నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, మణికట్టు చుట్టూ ముడి వేసింది. "గట్లయితే ఒకటి కట్టి పంపు అన్నది."

తెల్లదారం. ఎవరూ రానివాళ్ళది. టీచరమ్మే వచ్చి ఇంటికి తీసుకుపోయేది.

క్రిస్మస్‌కు ఇంకా చాలా రోజులున్నాయి. స్నానం చేసేటప్పుడు కూడా తడవకుండా ఆ చెయ్యి పైకెత్తి పట్టుకుంటున్నాను.